నలభై రెండు నుంచి అరవై ఎనిమిది దాకా

రోజుకు రూపాయి. నలిగితే రెండు.
"అవతలి గడప" నూటపద్నాలుగు భాగాలూ
వరుసగా దొరికే అద్దె పుస్తకాల అంగడి
కర్నూలు పాతబస్తీలో నాదొక్కటే అప్పుడు.
రాసేవాళ్ళు మారినారంట ముగ్గురో నలుగురో,
అట్ట మీద పేరు మాత్రం మారలేదు.
కెప్టెన్ ఉదీచి గడప దాటితే ఒక లోకం.
ఒకదాంట్లో ఆమె రాణి,
ఒకదాంట్లో సొంత నౌకకే నిప్పు పెట్టిన ద్రోహి,
ఇంకోదాంట్లో పుట్టనే లేదు.
అక్కడ ఆమె కుర్చీ ఒకటే
ఎవరి కోసమో మెల్లగా తిరుగుతా ఉంటుంది.

రెండువేల తొమ్మిది అక్టోబరులో
తుంగభద్రా హంద్రీ చెయ్యీ చెయ్యీ పట్టుకొని
అంగడిలోకొచ్చినాయి.
చిట్టాలో సంతకం లేదు, అడ్వాన్సు లేదు,
కింది అరలో ఉన్న ఇరవై ఏడు భాగాలూ
ఎత్తుకపోయినాయి.
మూడోనాడు బురద గీకితే ఒక అట్ట దొరికింది.
ఉదీచి సగం ముఖం.
మిగతా సగం ఒండ్రు.

అచ్చేసినోళ్ళు ఎప్పుడో తాళం పెట్టుకున్నారు.
నలభై ఒకటి చదివిన పిల్లోడు
అరవై తొమ్మిది ఎట్లా అందుకుంటాడు?
నన్నడిగితే ఏం చెప్పాల,
మిఠాయి అంగడోడు మిఠాయి తింటాడా సామీ.
పై అరలో మిగిలిన చిట్టా దులిపి
పాత పేర్ల వెంట సైకిలేసుకొని తిరిగినా.

పంచర్లేసే మద్దిలేటి అన్నాడు:
యాభై ఒకటిలో ఉదీచి తమ్ముడు చచ్చిపోయినాడు.
గడప మూసుకుంటాంటే చెయ్యి ఇరుక్కొని.
ఆ పొద్దు ట్యూబు నీళ్ళలో ముంచి
బుడగ యాడొస్తాందో కనపడక
కండ్లు తుడుచుకున్నా, ఒట్టు.

పెద్దాసుపత్రిలో నర్సు హుసేనమ్మ
రాత్రి డ్యూటీల్లో చదివిన మనిషి.
చావడమేంది? చెయ్యి పోయింది, అంతే.
నేనే కదా కట్టు కట్టింది, అని
నాలుక్కరుచుకొని,
ఆ లోకంలో డాక్టరు కట్టినాడులే అనింది.

తాలూకాఫీసులో రిటైరైన సుంకన్న సారుకు
తమ్ముడే గుర్తు లేడు.
యాభై ఒకటంటే మనూరు కదప్పా,
నౌక దిగింది బురుజు పక్కనే!
ఆ లోకంలో రాజధాని యాడికీ పోలేదు.
గుడారాలేసిన చోట మేడలు లేచినాయి,
మా నాయన ఇంకా అదే కచేరికి పోతాడు,
ఇస్త్రీ చొక్కాతో, పొద్దున్నే, టిఫిన్ డబ్బా తీసుకొని.
అచ్చులో అట్లుండేదా సారూ
అని నోటిదాకా వచ్చి, మింగేసినా.

మూడూ రాసుకున్నా, మూడు నోటుపుస్తకాల్లో.
కుట్టింది టైలర్ రసూల్.

ఆ మిషను సంగతి ఒకటి చెప్పాల.
నీళ్ళొచ్చిన రాత్రి నాకుండింది రెండే చేతులు.
రసూలొక పక్క, నేనొక పక్క పట్టి
మిషను మిద్దెక్కించినాం.
దిగొచ్చేసరికి అంగడిలో రొమ్ముల్లోతు.
ఇంకో లోకంలో నేను పుస్తకాలే మోసుంటా.
నూటపద్నాలుగూ వరుసగా ఉంటాయి అక్కడ.
రసూలు మాత్రం
ఎదురుపడితే అవతలి పక్కకు దాటుకుంటాడు.

మొన్న ఆదోని పాత కాగితాల గోడౌన్లో
అసలు యాభై ఒకటి దొరికింది, అట్టతో సహా.
నిలబడే చదివేసినా.
తమ్ముడు లేడు. కర్నూలూ లేదు.
ఉదీచి జ్వరమొచ్చి పండుకొని ఉంటుంది,
ఎవరో తలుపు తడతారు, ఆమె లేవదు.
ముప్పై పేజీలు ఆ తట్టుడే.

తెచ్చి ఆ మూడింటి పక్కన పెట్టినా.
నాలుగోది. దానికీ రూపాయే.
ఏది నిజమన్నా? అనడిగిన పిల్లోడికి
నాలుగూ చూపించి ఊరకుండినా.

నలిగింది మాత్రం హుసేనమ్మది.
రెండు రూపాయలు తీసుకుంటానా.